చెట్టు పేరు చెప్పి గదులు

శివరాత్రి దగ్గరపడే వేళకు మోండా మార్కెట్ చుట్టూ ద్రాక్ష బండ్లు బారులు తీరతాయి. ఎక్కడిదయ్యా అని అడిగితే ‘నాసిక్ మాల్ సార్, చక్కెరే’ అంటూ రెండు కాయలు తుంచి చేతిలో పెడతాడు బండాయన. నిజమే చెబుతున్నాడు. కానీ ఒకప్పుడు సికింద్రాబాద్ వాళ్లకు ద్రాక్ష అంత దూరం నుంచి రావాల్సిన పనే ఉండేది కాదు. కొంపల్లి దాటి మేడ్చల్ రోడ్డు మీద, ఇటు హకీంపేట దాటి శామీర్‌పేట దారిలో, బస్సు కిటికీలోంచి తల బయటపెడితే చాలు, పందిళ్లు కనిపించేవి.

ఈమధ్య చేతిలో నాలుగు డబ్బులు ఆడేవాళ్లకు కొత్త సరదా ఒకటి పట్టుకుంది. ద్రాక్షతోటలో బస. ఎదురుగా పచ్చగడ్డి మొలవని బోడికొండలు, వాటి కింద వరుసలు తీరిన తీగలు, నడుమ ఖరీదైన గది, గది ముందు ఈతకొలను. అర్జెంటీనాలో ఆండీస్ పర్వతాల కింద మెండోజాలో ఉన్న ఇలాంటి హోటళ్ల ఫొటోలు ఫోన్లలో చక్కర్లు కొడుతుంటాయి. పిల్లలు కాలిఫోర్నియాలో ఉన్నవాళ్లు నాపా లోయ చూసి వస్తున్నారు. అంత దూరం పోలేనివాళ్లకు సికింద్రాబాద్ నుంచి దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఉండనే ఉంది, నాసిక్‌లో దింపుతుంది. వెళ్లొచ్చినవాళ్లందరిదీ ఒకటే ప్రశ్న: “మన దగ్గర ఇలాంటివి ఎందుకు పెట్టరండీ?”

మన దగ్గర కొండలున్నాయి. తోటలుండేవి. హోటళ్లు కట్టే డబ్బుకు ఏనాడూ కొదవ లేదు. లేనిదల్లా తోటను తోటగా ఉంచే కట్టుబాటు. అది ఉన్నచోట తోటను చూసుకుని హోటలు బతుకుతుంది. లేనిచోట తోటను మింగి హోటలు లేస్తుంది.

కొండల సంగతి ముందు చూద్దాం. మౌలాలి గుట్ట మీది గ్రానైటు వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. ఎండకు కాగి, వానకు చల్లారి, నెర్రెలిచ్చి, అంచులు అరిగి ఒకదానిమీద ఒకటి ఎవరో పేర్చినట్టు నిలిచిన బండలవి. వీటిని పలుగులకూ మందుగుండుకూ వదిలేయకూడదని 1996లో ‘సొసైటీ టు సేవ్ రాక్స్’ పుట్టింది. ఎడారి కొండల అందం కోసం ఖండాలు దాటేవాళ్లు మల్కాజిగిరి మీదుగా వెళ్లి ఆ గుట్ట మెట్లెక్కితే సగం ముచ్చట తీరుతుంది.

మిగతా సగం ఆ బండల నడుమ సాగైన తోట. నిజాం ఏలుబడి కాలంలో అబ్దుల్ బాకర్ ఖాన్ హైదరాబాద్‌కు పరిచయం చేసిన అనాబ్-ఎ-షాహీ ఇక్కడి నేలకు ఇట్టే అలవాటుపడింది. పొడవాటి పెద్ద కాయ, పండితే తేనెరంగు, లోపల గింజ. ఈ నగరం చుట్టుపక్కల రైతులు ఎకరానికి తీసిన దిగుబడి ప్రపంచంలోనే మేటి అని పేరు తెచ్చుకుంది. రాజేంద్రనగర్‌లో ద్రాక్ష పరిశోధన కేంద్రం వెలిసిందంటే ఆ వైభవం చలవే.

పందిరి కిందికి వెళ్లి చూస్తేగానీ ఆ సేద్యం సంగతి తెలియదు. వరుసగా రాతి కడీలు, వాటి తలల మీద గళ్లుగళ్లుగా అల్లిన జీఐ వైరు. ఆ రాయి కూడా ఈ గుట్టలదే, వడ్డెర పనివాళ్లు నిలువునా చీల్చి తీసింది. తీగ ఒక్క కాండంగా పైకి ఎగబాకి, వైరు అందాక నాలుగు దిక్కులా చేతులు చాపుతుంది. చేయెత్తితే ఆకు తగులుతుంది, తలెత్తితే గుత్తులు వేలాడుతుంటాయి. చలిదేశాల్లో ద్రాక్షతీగ ఆకు రాల్చి శీతాకాలమంతా నిద్రపోతుంది. మన వేడికి దానికి ఆ నిద్ర లేదు. అందుకని రైతే ఏటా రెండుసార్లు కత్తెర పట్టాలి. ఏప్రిల్‌లో కత్తిరించేది కొత్త కొమ్మ కోసం, అక్టోబరులో కత్తిరించేది కాయ కోసం. రెండో కత్తిరింపు నాలుగు రోజులు అటూఇటూ అయినా, దాని వెనకే అకాల వాన పడినా ఆ ఏడాది పంట గోవిందా.

ఈ తోటలు ఎలా పోయాయో కూడా తెలిసిన కథే. అనాబ్-ఎ-షాహీకి బూజు తెగులు తొందరగా అంటుతుంది. మైలుతుత్తం, సున్నం కలిపి ఎంత పిచికారీ చేసినా ముసురు పట్టిందంటే ఆగదు. ఈలోగా జనం నాలుక గింజలేని థామ్సన్ రకానికి అలవాటుపడింది. నీళ్ల కోసం ఒకరు బోరు దించితే పక్కాయన ఇంకా లోతుకు దించాడు. అయినా తెగులుకు మందుంది, రకం మార్చుకోవచ్చు, నీటికి డ్రిప్పు పెట్టుకోవచ్చు. గజం లెక్కకు మాత్రం విరుగుడు లేదు. ఎకరంలో 4,840 గజాలున్నాయన్న సంగతి రైతుకు గుర్తుచేసినవాడు రియల్ ఎస్టేట్ మనిషి. ఆ లెక్క ఒకసారి చెవిన పడ్డాక పందిరి కింద నిలబడటం ఎవరికైనా కష్టమే. పీకేసిన కడీలు ప్లాట్ల చుట్టూ ముళ్లకంచెకు ఊతమయ్యాయి.

తోటలు పోయినచోట రిసార్టులు, కన్వెన్షన్ సెంటర్లు, ఫాంహౌసులు లేచాయి. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకునేవాళ్లను చూశాం, ఇప్పుడు చెట్టు పేరు చెప్పి గదులు అద్దెకిస్తున్నారు. అటువైపు ఒక రిసార్టులో బంధువుల పెళ్లికి పోయాను. బోర్డు మీద ద్రాక్షగుత్తి బొమ్మ ఉంది. తోట ఎక్కడ బాబూ అని అక్కడి కుర్రాణ్ని అడిగితే, సంగీత్ వేదిక పక్కన ప్లాస్టిక్ ద్రాక్షలు వేలాడదీసిన ఆర్చి చూపించి “ఇదే సార్, నిలబడండి, ఫొటో తీస్తా” అన్నాడు. చుట్టూ నాలుగెకరాల లాన్. ఆ గడ్డీ నీళ్లు తాగుతుంది, మందులూ అడుగుతుంది. కాయ మాత్రం కాయదు.

మనం ముచ్చటపడే ఆ దూరదేశపు తోటలు ఎలా నిలిచాయి? మెండోజా నిజంగా ఎడారే. ఏడాదికి 200 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన పడుతుంది, మనకు పడేదాంట్లో నాలుగో వంతు. ఆండీస్ మంచు కరిగి వచ్చే నీటిని అక్కడి ఆదివాసులైన హువార్పే జనం తవ్విన కాలువల దారినే పంచుకుంటూ వచ్చారు. 1884లో చేసిన నీటి చట్టం ఆ హక్కును నేలతో ముడిపెట్టింది. నేల ఒకరికి, నీరు మరొకరికి అమ్ముకునే వీల్లేదు. నీళ్లు వంతుల ప్రకారమే వస్తాయి. ఇదేదో వింత అనుకోనక్కర్లేదు. మన చెరువుల కింద నీరటికాడు చేసిన పని ఇదే. తూము దగ్గర నిలబడి ఎవరి మడికి ఎంతో చూసి వదిలేవాడు. బోరుకు నీరటికాడు లేడు. 2002లో నీరు, భూమి, చెట్ల రక్షణకు వాల్టా చట్టమైతే తెచ్చుకున్నాం, దాన్ని చూసి బోరుబండి వెనక్కి తిరిగిపోయిన ఊరు మాత్రం నాకు కనబడలేదు.

నాపాలో కాపాడింది నేల చట్టం. శాన్‌ఫ్రాన్సిస్కో ఇళ్లు లోయలోకి పాకుతున్న రోజుల్లో, 1968లో, ఆ కౌంటీ తన సాగుభూమిని రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. 20 ఎకరాలకన్నా చిన్న ముక్కలుగా కోయకూడదన్నారు, తర్వాత ఆ హద్దును 40కి పెంచారు. భూమి విలువ పడిపోతుందని అప్పట్లో గొడవ జరిగింది. ఇవాళ అక్కడ ఒక రాత్రికి అడిగే అద్దె వింటే మన వాళ్లకు కళ్లు తిరుగుతాయి. ఆ అద్దెలో పెద్ద వాటా 1968 నాటి తీర్మానానిదే. కిటికీ తెరిస్తే పక్క అపార్ట్‌మెంట్ గోడ కాకుండా తీగలు కనిపించేది దాని పుణ్యమే.

అంత దూరం దేనికి, నాసిక్‌నే చూడండి. మన గోదావరి పుట్టిన కొండల కింద 1999లో సులా అనే వైన్ సంస్థ మొదలైంది. 2001లో మహారాష్ట్ర ద్రాక్ష ప్రాసెసింగ్ విధానం తెచ్చి, సొంత రాష్ట్రపు పండుతో చేసే వైన్ మీద పన్ను భారం దించింది. కొనేవాడున్నాడన్న ధైర్యంతో రైతు తీగను నిలుపుకున్నాడు. సులావాళ్ల హోటలు వచ్చింది దాదాపు పదేళ్ల తర్వాత. అంటే ముందు పంటకు గిట్టుబాటు, తర్వాతే గది. మనం గదితో మొదలుపెట్టి పంట ఏదని వెతుక్కుంటున్నాం.

అలాగని ఆ హోటళ్లలో అంతా పచ్చదనమేనని నేననను. బాల్కనీలో కూర్చున్నవాడికి తోటలో పని చేసేవాడు కనబడడు, కనబడకుండానే ఏర్పాటు ఉంటుంది. అక్టోబరు కత్తిరింపు కాగానే మొగ్గలన్నీ ఒకేసారి చిగురించాలని వాటికి హైడ్రోజన్ సైనమైడ్ పూస్తారు. గ్లవుజులు తొడుక్కుని కూలీలు ఒక్కొక్క మొగ్గకూ అద్దుకుంటూ పోవాలి. ఆ మందు ఒంటికి తగిలినవాడు మద్యం ముట్టుకుంటే ప్రమాదం. ముఖం ఎర్రబడి, గుండె దడదడలాడి, పడిపోయే స్థితి వస్తుంది. పనికి ముందూ తర్వాతా కొన్ని రోజులపాటు చుక్క కూడా తాగకూడదు. పైన అతిథి గ్లాసులోకి వచ్చే వైన్‌కు కింద మొగ్గ దగ్గరే ఒకడు నిషేధం పాటించి ఉంటాడు. గది అద్దెలో వాడి వాటా ఎంతన్నది ఏ హోటలు బిల్లులోనూ ఉండదు.

ఇక్కడ నా మిత్రులు కొందరు అడ్డు తగులుతారు. “రైతు నష్టపోతూ తోట ఉంచాలా? మీ కిటికీ అందం కోసం ఆయన పిల్లల చదువులు ఆగాలా?” న్యాయమైన మాటే. శామీర్‌పేటలో తోటమ్మి పిల్లల్ని అమెరికా పంపిన రైతును తప్పుపట్టే హక్కు బేగంపేటలో ఫ్లాటులో కూర్చున్న నాకు లేదు. తప్పంతా లెక్క వేసిన తీరులో ఉంది. తోట వల్ల నగరానికి దక్కిన చల్లదనం, భూమిలో ఇంకిన నీరు, కళ్లకు దొరికిన ఊరట, వీటికి రైతుకు పైసా ముట్టలేదు. పంటకు మాత్రమే ధర కట్టారు, ఆ ధర గజం ముందు తేలిపోయింది. మెండోజా నుంచో నాపా నుంచో ద్రాక్షతోట బస గురించి చెప్పేవాళ్లు నిజానికి చెబుతున్నది ఇదే: చూపుకూ ధర కట్టవచ్చు, ఆ డబ్బు సాగుచేసేవాడికి చేర్చవచ్చు.

తొందర ఎందుకంటే, తర్వాతి వంతు ఎవరిదో కనిపిస్తూనే ఉంది. నంది కొండల కింద చిక్కబళ్లాపురం వైపు ఇళ్లలో తెలుగు మాట్లాడే ద్రాక్ష రైతులు ఎందరో ఉన్నారు. వాళ్లు పండించే దిల్‌ఖుష్ మన అనాబ్-ఎ-షాహీ నుంచి ఎంపికచేసిన రకమే. మన దగ్గర తీగ పోయినా అక్కడ సంతానం బతికి ఉందన్నమాట. ఆ పక్కనే దొడ్డబళ్లాపురంలో గ్రోవర్ వైన్‌యార్డ్స్ 1988 నుంచి ఉంది. 2008లో దేవనహళ్లి విమానాశ్రయం తెరుచుకున్నాక అక్కడా గజాల లెక్క మొదలైంది. మనం నేర్చుకున్న పాఠం వాళ్లకు చెప్పాలన్నా ముందు మనం నేర్చుకోవాలి కదా.

చేయదగ్గవి లేకపోలేదు. 2013లో నోటిఫై చేసిన హెచ్‌ఎండీఏ మాస్టర్ ప్లాన్‌లో కన్జర్వేషన్ జోన్ అని ఒకటుంది. అందులో బతికున్న పండ్లతోటలకు భూవినియోగ మార్పిడి ఒక్కో ఫైలుగా ఇచ్చుకుంటూ పోవడం ఆపాలి. ఆపినందుకు రైతుకు నష్టం రాకూడదు. రోడ్డు వెడల్పులో స్థలం పోయినవాళ్లకు టీడీఆర్ (బదలాయించుకోదగ్గ నిర్మాణ హక్కు) ఇస్తున్నాం కదా, తోటను తోటగా ఉంచినవాడికీ అలాంటి హక్కు ఇచ్చి నగరంలో అమ్ముకోనివ్వాలి. రెండోది, మహారాష్ట్ర 2020లో వ్యవసాయ పర్యాటకానికి విధానం తెచ్చింది. అలా ఇక్కడి రైతు తన తోటలో నాలుగు గదులు వేసుకుంటానంటే సాగుభూమిని వ్యవసాయేతర భూమిగా మార్చే నాలా కన్వర్షన్ కోసం ఆఫీసుల చుట్టూ తిప్పకుండా అనుమతివ్వాలి. వైనే ఉండాలని లేదు. రాజేంద్రనగర్ కేంద్రంలో ఏటా ద్రాక్ష పండుగ పెడితే జనం పిల్లాజెల్లాతో వెళ్లి కొనుక్కొస్తున్నారు. పందిరి కింద చాప వేసి, కోసుకున్న పండు పెట్టి, మధ్యాహ్నం జొన్నరొట్టె వడ్డిస్తే రానివాడెవడు?

మూడోదే అన్నిటికన్నా ముఖ్యం. తోట పేరు మీద పర్యాటక రాయితీ తీసుకునే ప్రతి రిసార్టుకూ ఏటా ఒక లెక్క అడగాలి: కాపు మీదున్న ఎకరాలెన్ని, అందులో పని దొరికినవాళ్లెందరు. తోట ఎకరం తగ్గితే గదుల లైసెన్సూ ఆ మేరకు తగ్గాలి. ఈ ఒక్క నిబంధన పెడితే ప్లాస్టిక్ ద్రాక్షలు కొనేదానికన్నా నిజం ద్రాక్ష పెంచడమే చవకని రిసార్టు యజమానులే తేల్చుకుంటారు. వాళ్లకు లెక్కలు మనం నేర్పాల్సిన అవసరం లేదు.