పాలు సరే, పప్పన్నం మాటేమిటి?

ఇంట్లో ఏడాది నిండిన పిల్ల ఉంటే చాలు, చుట్టుపక్కల ప్రతివాళ్ళకీ పాల మీద ఒక అభిప్రాయం పుట్టుకొస్తుంది. మా చంటిదానికి ఇప్పుడు ఏడాదిన్నర. ఈ ఆర్నెల్లలో నాకు అందిన ఉచిత సలహాలు వరసగా చెప్తాను, వినండి. గేదె పాలు పడితే పిల్ల బొద్దుగా ఉంటుందని మా అత్తగారు. గేదె పాలు తాగితే బుర్ర మందగిస్తుంది, ఆవు పాలే పట్టమని మా పెద్దమ్మ. ఆవంటే మామూలు ఆవు కాదు, మూపురం ఉన్న దేశవాళీ ఆవై ఉండాలని, అవి కూడా గాజుసీసాలో వచ్చే పాలైతేనే మంచిదని పక్క ఫ్లాటావిడ. ప్యాకెట్ పాలన్నీ కల్తీయేనని మావారి స్నేహితుడు. "బాదం పాలు పట్టి చూడు వదినా" అని డల్లాస్‌లో ఉన్న మా ఆడపడుచు. ఇక మందుల షాపు అబ్బాయి, నేను జ్వరం మందు అడిగితే దాంతోపాటు మూడో నంబరు పాలడబ్బా కూడా తీసి బల్ల మీద పెడతాడు.

ఇంతమందిలో ఒక్కరంటే ఒక్కరు "పిల్ల అన్నం ఏపాటి తింటోంది?" అని అడగలేదు. నా పేచీ అంతా అక్కడే.

నిజానికి పాల సంగతి నాలుగు ముక్కల్లో తేలిపోయేది. ఏడాది దాటిన బిడ్డకి తల్లిపాలు ఉంటే రెండేళ్ళ దాకా, ఇష్టమైతే ఆ తర్వాత కూడా ఇవ్వొచ్చు. వేరే పాలు కావాలంటే ఆవువైనా గేదెవైనా, పాలవాడు పోసినవైనా ప్యాకెట్‌వైనా, బాగా కాచి ఇవ్వడమే. నీళ్ళు కలపక్కర్లేదు, పంచదార అసలే వద్దు. రెండేళ్ళలోపు పిల్లలకి కొవ్వు కావాలి కాబట్టి మనం లావెక్కుతామని తెప్పించుకునే డబుల్ టోన్డ్ ప్యాకెట్ వాళ్ళకి పనికిరాదు. అందులో వెన్న 1.5 శాతమే. టోన్డ్ పాలల్లో 3 శాతం, ఫుల్ క్రీమ్‌లో 6 శాతం ఉంటుంది. ప్యాకెట్ మీదే రాసి ఉంటుంది, చూసుకోవచ్చు. తల్లిపాలు మానేసిన పిల్లకైనా రోజు మొత్తానికి రెండు చిన్న గ్లాసులు, అంటే 400 నుంచి 500 మిల్లీలీటర్లు చాలు. అదీ గ్లాసుతోనే, సీసాతో కాదు. బాదం పాలు, ఓట్స్ పాలు లాంటివి పాలకి బదులు కావు. బాదంని నీళ్ళల్లో రుబ్బి వడకడితే పిల్లకి అందే మాంసకృత్తులు బహు తక్కువ.

అంతే. ఇంతకన్నా ఏమీ లేదు. మరి ఇంత చిన్న విషయం ఇంత పెద్ద రభస ఎందుకయింది? దీనికి రెండు కారణాలు. ఒకటి బజార్లో ఉంది, రెండోది మన ఇంట్లోనే ఉంది.

ముందు బజారు సంగతి చూద్దాం. పుట్టిన పిల్లకి ఒకటో నంబరు డబ్బా, ఆరు నెలలకి రెండోది, ఏడాదికి మూడోది, తర్వాత నాలుగోది. స్కూల్లో క్లాసులు మారినట్టు పిల్ల ఒక్కో డబ్బా పాసవుతూ పోవాలన్నమాట! తల్లిపాలు లేని పసిబిడ్డకి మొదటి ఏడాది డాక్టరు చెప్పిన డబ్బాపాలు అవసరమే, దాన్ని నేను కాదనడం లేదు. ఏడాది దాటాక వచ్చే ఆ మూడో నంబరుతోనే నాకు తగువు. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రెండేళ్ళలోపు పిల్లల ఆహారం మీద ఇచ్చిన మార్గదర్శకాల్లో, ఏడాది నిండినవాళ్ళకి పశువుల పాలు ఇవ్వొచ్చని, ఆ వయసు పిల్లలకంటూ అమ్మే ఫార్ములాలను తాము సిఫారసు చేయడం లేదని తేటతెల్లంగా చెప్పింది.

మన ప్రభుత్వం కూడా నిద్రపోలేదు. 1992లోనే చట్టం చేసింది, 2003లో దాన్ని ఇంకా బిగించింది. దాని ప్రకారం రెండేళ్ళలోపు పిల్లల పాలడబ్బాలకీ, ఆహారాలకీ, పాలసీసాలకీ ప్రకటనలు ఇవ్వకూడదు. పాలడబ్బా మీద పాపాయి బొమ్మ వేయకూడదు. మరి చట్టం రెండేళ్ళ దగ్గర ఆగిపోతుంది కదా, వ్యాపారం ఆగదు. రెండు దాటిన పిల్లలకని పాలపొడులు, పాలల్లో కలిపే చాక్లెట్ పొడులు టీవీలో వరస కడతాయి. తాగితే పొడుగు, తాగితే తెలివి, తాగితే పరుగుపందెంలో ఫస్టు. 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ, ఇలాంటి పానీయాలని 'హెల్త్ డ్రింక్' అనే వరసలోంచి తీసేయమని ఆన్‌లైన్ అంగళ్ళకి చెప్పాల్సివచ్చింది. ఎందుకంటే మన ఆహార భద్రతా చట్టంలో అసలు హెల్త్ డ్రింక్ అనే మాటే లేదు. లేని మాటని పట్టుకుని మనం ఇన్నేళ్ళు గరిటెలకొద్దీ పంచదార కలిపాం.

డబ్బున్న ఇళ్ళలో ఇది వృథా ఖర్చు. పోనీ అనుకోవచ్చు. డబ్బు లేనిచోట ఏమవుతుందో చెప్తాను. మా ఇంట్లో పని చేసే అమ్మాయికి ఏడాదీ మూడు నెలల కొడుకున్నాడు. తను పనిచేసే నాలుగిళ్ళలో ఒకింటి పిల్లాడు డబ్బాపాలు తాగుతాడు, తెల్లగా, నున్నగా ఉంటాడు. అది చూసి తనూ అదే డబ్బా కొంటోంది. కొన్నది నెలాఖరు దాకా రావాలి కదా? అందుకని చెప్పిన చెంచాలకి సగమే వేసి, నీళ్ళు మాత్రం నిండుగా పోసి కలుపుతోంది. వాడి కడుపులోకి పోతున్నది తెల్లటి నీళ్ళు. అంగన్‌వాడీలో ఇచ్చిన బాలామృతం పొట్లం మాత్రం విప్పకుండా అటక మీదుంది. "అది ఊరికే ఇస్తారు కదక్కా, దాంట్లో ఏముంటది?" అంది. ఊరికే వచ్చినదాంట్లో ఏమీ ఉండదని, ఖరీదైనదాంట్లోనే అన్నీ ఉంటాయని ఆ పిల్లకి నేర్పింది ఎవరు? మనమే. మన షెల్ఫుల్లో వరసగా పేర్చిన డబ్బాలే.

దేశవాళీ ఆవు పాల కథ కూడా ఇలాంటిదే. ఏ2 పాలు అని ఒక పేరు పెట్టి, మామూలు పాలకి రెండింతలు, మూడింతలు ధర చెప్తున్నారు. ఏ2 అంటే పాలల్లో ఉండే ఒక మాంసకృత్తి రకం. తమాషా ఏమిటంటే మన గేదె పాలల్లో ఉండేది కూడా ఆ రకమే! అంటే బుర్ర మందగిస్తుందని మా పెద్దమ్మ వద్దన్న పాలు, పక్క ఫ్లాటావిడ గాజుసీసాలో కొనే పాలు ఆ ఒక్క విషయంలో అక్కాచెల్లెళ్ళే. 2024 ఆగస్టులో ఆహార భద్రతా సంస్థ ప్యాకెట్ల మీద ఈ ఏ1, ఏ2 రాతలు తీసేయమంది, వారం తిరక్కుండానే ఆ ఉత్తర్వు వెనక్కి తీసుకుంది. వాళ్ళే అటూ ఇటూ ఊగుతుంటే, మనం మాత్రం తడుముకోకుండా డబ్బులు లెక్కపెడుతున్నాం. ఇక గేదె పాలకీ మందబుద్ధికీ ముడి పెట్టడం గేదె మెల్లగా నడుస్తుందని పెట్టిన ముడే తప్ప ఇంకేం కాదు. ఆ లెక్కన గుర్రం పాలు తాగినవాళ్ళంతా పరిగెత్తాలి.

ఇప్పుడు ఇంట్లో ఉన్న కారణం దగ్గరికొస్తాను. ఇది కాస్త కష్టమైనది, ఎందుకంటే ఇక్కడ తిట్టడానికి కంపెనీ ఉండదు.

పాలు అమృతం అని మనకి నరనరానా ఎక్కేసింది. పిల్ల అన్నం తినలేదా, "పోనీ పాలన్నా పట్టు తల్లీ" అంటారు. పడతాం. పాలతో కడుపు నిండుతుంది, తర్వాతి పూట ఆకలుండదు, అన్నం మళ్ళీ తినదు. మళ్ళీ పాలు. అలా లీటరు పాలు తాగే ఏడాదిన్నర పిల్లల్ని మా అపార్ట్‌మెంట్‌లోనే ముగ్గుర్ని చూశాను. చూడ్డానికి బొద్దుగానే ఉంటారు. కనురెప్ప కింద లాగి చూస్తే పాలిపోయి ఉంటారు.

ఎందుకంటే పాలల్లో అన్నీ ఉన్నాయి గానీ ఇనుము లేనట్టే లెక్క. ఏడాది నుంచి మూడేళ్ళ పిల్లకి రోజుకి 8 మిల్లీగ్రాముల ఇనుము కావాలని మన వైద్య పరిశోధనా మండలి చెప్తోంది. లీటరు పాలు తాగించినా అందులో మూడో వంతు కూడా రాదు. పైగా పాలల్లో ఉండే కాల్షియం, తిన్న తిండిలోని ఇనుముని కూడా ఒంటికి సరిగ్గా పట్టనివ్వదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆరు నెలలు నిండిన, అయిదేళ్ళలోపు పిల్లల్లో రక్తహీనత ఉన్నవాళ్ళు దేశంలో నూటికి 67 మంది. తెలంగాణలో 70 మంది, ఆంధ్రప్రదేశ్‌లో 63 మంది. దీనికి పాలొక్కటే కారణమని నేననను. పేదరికం ఉంది, తల్లిలోనే రక్తం లేకపోవడం ఉంది, నులిపురుగులున్నాయి. కానీ నూటికి అరవై డెబ్బై మంది పిల్లలకి రక్తం చాలని చోట మనం కూర్చుని, ఆవా గేదా అని వాదించుకుంటున్నామే, అది నాకు మింగుడుపడదు. ఈ వయసులో ఇనుము చాలకపోతే దెబ్బ తగిలేది ఒంటికి ఒక్కదానికే కాదు, ఎదిగే మెదడుకి కూడా. తెలివి కోసం డబ్బా కొనే తల్లులు ఈ ముక్క మరోసారి చదవండి.

"మేమంతా పాలు తాగే పెరగలేదూ?" అని పెద్దవాళ్ళంటారు. ఏ మాటకా మాటే చెప్పుకోవాలి. మా అమ్మమ్మ ఇంట్లో పాడి ఉన్నా పిల్లకి చిన్న గ్లాసుడు పాలే దక్కేవి. మిగతావి తోడుకి, వెన్నకి, అమ్మకానికి. పిల్లలు పెరిగింది పప్పు, నెయ్యి వేసి మెదిపిన అన్నంతో. పెరట్లో తోటకూరతో, మునగాకుతో. ఆ అన్నం పెట్టడానికి ఇంట్లో అమ్మమ్మ, పిన్ని, మేనత్త, ఎవరో ఒకరు చంకనేసుకుని కాకిని చూపించేవాళ్ళు.

అదీ అసలు రహస్యం. పాలసీసాకి ఒక చెయ్యి చాలు, అదీ పిల్ల చెయ్యే. అన్నం గిన్నెకి మాత్రం ఒక మనిషి కావాలి, ఆ మనిషికి ముప్పావుగంట కావాలి. పిల్ల ఉమ్ముతుంది, మొహం తిప్పుకుంటుంది, బాల్కనీ నుంచి లిఫ్టు దాకా పరిగెత్తిస్తుంది. రోజుకి మూడు పూటలు. ఆ మనిషి ఎవరు? ఇంకెవరు, తల్లే. పొయ్యి మీద కూర, చేతిలో ఫోను, గేటు దగ్గర పెద్దపిల్ల స్కూలు వ్యాను. అలాంటప్పుడు ఆవిడ సీసా నోట్లో పెట్టిందంటే తప్పు ఆవిడది కాదు. ముప్పావుగంట ఆవిడకి మిగల్చని ఇంటిది.

ఏ పాలు మంచివో చెప్పడానికి ఎవరికీ చెమట పట్టదు. సోఫాలో కూర్చుని చెప్పొచ్చు, ఫోన్లో చెప్పొచ్చు. ఎవరు తినిపిస్తారన్న మాట వచ్చేసరికే అందరికీ పనులు గుర్తొస్తాయి. అందుకే మన ఇళ్ళలో మొదటి ప్రశ్న మీద ఇంత చర్చ, రెండో ప్రశ్న మీద ఇంత నిశ్శబ్దం.

పాలు పడని పిల్లలుంటారు, నెలలు నిండకుండా పుట్టినవాళ్ళుంటారు, తల్లిపాలు అందక మొదటి రోజు నుంచీ డబ్బా మీదే పెరిగినవాళ్ళుంటారు. వాళ్ళ డాక్టరు చెప్పిందే వాళ్ళకి వేదం. ఆ తల్లుల్ని వేలెత్తి చూపే హక్కు నాకే కాదు, ఎవరికీ లేదు. మిగిలినవాళ్ళం మాత్రం ఒక పని చేయొచ్చు. రేపొక్క రోజు మీ చంటివాడు తాగే పాలని కొలపాత్రతో కొలవండి. అర లీటరు దాటితే ఆ పైది తగ్గించండి. ముందు అన్నం, తర్వాతే పాలు. గిన్నెలో గుడ్డో, ఆకుకూర పప్పో, మీ ఇంట్లో తింటే మెత్తగా ఉడికిన మాంసమో చేపో ఉండనివ్వండి. పైన రెండు చుక్కలు నిమ్మరసం పిండితే ఆకుకూరలో ఉన్న ఇనుము ఒంటికి పడుతుంది. డబ్బాకి పెట్టే డబ్బుతో నెలంతా రోజుకో గుడ్డు వస్తుంది, ఇంకా చిల్లర కూడా మిగులుతుంది.

ఇక మూడు పూటల్లో ఒక పూట ఆ గిన్నె పిల్ల తండ్రి చేతికివ్వండి. రాత్రి పూటైతే బాగుంటుంది, ఆయన ఇంట్లోనే ఉంటారు. మొదటివారం పిల్ల తినదు, చొక్కా పాడవుతుంది, "నా వల్ల కాదు" అంటారు. వెనక్కి తీసుకోకండి. రెండోవారానికి ఇద్దరికీ అలవాటవుతుంది.