కారు మీద మసక మచ్చా? రుద్దకండి, ముందు తడపండి!

కొన్న కొత్తలో మొహం చూసుకునేంత నిగనిగలాడిన కారు, కొన్నాళ్ళు తిరిగేసరికి బానెట్ మీదో పైకప్పు మీదో అరచేయంత మేర ఆవిరి పట్టిన అద్దంలా మసకబారుతుంది. ఎంత తుడిచినా పోదు. చుట్టూ మెరుస్తూండటంతో ఆ ఒక్క మచ్చే కంటికి కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ఇక సలహాలకి కొదవా? ఇంట్లోవాళ్ళు పాలిష్ పట్టిస్తే సరి అంటారు. పక్కింటివాళ్ళు టూత్‌పేస్టు రాయమంటారు. డ్రైవరు కిరసనాయిలు గుడ్డ అందుకుంటాడు. షెడ్డుకి తీసుకెళితే పెయింటరు, "బానెట్ మొత్తం కొట్టెయ్యాలమ్మా" అని తేల్చేస్తాడు.

ఇన్ని మందులు చెప్పారు సరే, అసలు రోగమేమిటో ఎవరైనా చూశారా? పైకి కనిపించే మసక ఒక్కటే గాని దానికి కారణాలు అయిదారు ఉన్నాయి. ఒకదానికి గ్లాసెడు వెనిగర్ చాలు. ఇంకోదానికి రెండు రోజుల ఎండ చాలు. మరోదానికి మళ్ళీ పెయింటు వేయించడం తప్ప దారి లేదు. మీ కారుది ఏ రకమో తేల్చుకోవడానికి మగ్గుడు నీళ్ళు, ఒక టార్చిలైటు, పలచటి పాలిథీన్ కవరు ఉంటే సరిపోతుంది. వంటింట్లో గిన్నె మీద మరక చూసి అది మాడా, సున్నమా, జిడ్డా అని ఇట్టే చెప్పగల మీకు ఇదేమంత కష్టం కాదు.

తొందర ఎందుకు పనికిరాదంటే...

ఫ్యాక్టరీలో కారు రేకు మీద ముందు తుప్పు పట్టకుండా ఒక పూత, దాని మీద ప్రైమర్, ఆ పైన రంగు, అన్నిటికంటే పైన గాజులా పారదర్శకంగా ఉండే క్లియర్ కోట్ వేస్తారు. మెరుపంతా ఈ పై పూతదే. ఎండ నుంచి రంగుని కాపాడేదీ ఇదే. ఈ నాలుగూ కలిపినా మామూలుగా 100 నుంచి 150 మైక్రాన్ల మందం ఉంటుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. అందులో క్లియర్ కోట్ వాటా సుమారు 40, 50 మైక్రాన్లు. అంటే మన తలవెంట్రుక కంటే పలచన అన్నమాట! పాలిష్ పట్టిన ప్రతిసారీ అందులోంచి కొంత అరిగిపోతుంది. అరిగింది మళ్ళీ పెరగదు. అందుకే కారణం తెలియకుండా రుద్దకూడదు.

పాత అంబాసిడర్లు, ప్రీమియర్ పద్మినీల వంటి వాటికి ఈ గాజు పూత లేకుండా రంగే పై పొరగా ఉండటం మామూలు. మీది అటువంటిదేమో తెలియాలంటే తెల్లటి మెత్తని గుడ్డకి కాస్త కారు పాలిష్ రాసి, మూలగా ఒకచోట నెమ్మదిగా రుద్దండి. గుడ్డకి కారు రంగు అంటితే రంగే పై పొర. అంటకపోతే క్లియర్ కోట్ ఉన్నట్టే.

నీళ్ళ పరీక్ష

ముందు కారుని నీడలో పెట్టి, రేకు చల్లబడ్డాక కారు షాంపూతో కడగండి. బట్టల సబ్బు పొడీ, గిన్నెలు తోమే పీచూ దగ్గరికి రానివ్వకండి. మెత్తని గుడ్డతో తడి అద్ది, మచ్చని ఒకసారి పరీక్షగా చూసుకోండి. ఇప్పుడు దాని మీద నీళ్ళు పోసి, తడిగా ఉండగానే మళ్ళీ చూడండి.

కడప బండలు పరిచిన గచ్చు మీరు చూసే ఉంటారు. ఆరి ఉన్నప్పుడు బూడిద రంగుగా ఉండే బండ, నీళ్ళు పడగానే నల్లగా నిగనిగలాడుతుంది. రాయి గరుకులోకి నీళ్ళు చేరి పైభాగాన్ని చదును చేయడం వల్ల వెలుగు చెదిరిపోదు. కారు పెయింటు విషయంలోనూ అంతే. తడిపినప్పుడు మసక మాయమై, ఆరగానే మళ్ళీ వచ్చిందంటే లోపం పై పైనే ఉంది, మీరు ఇంట్లోనే ప్రయత్నించొచ్చు. తడిపినా అలాగే ఉందంటే లోపం పూత లోపల ఉంది. అప్పుడు ఎంత రుద్దినా దండగే.

తడిపితే పోయే మసక

పాలిథీన్ కవరులో చెయ్యి పెట్టుకుని, కడిగిన మచ్చ మీద వేళ్ళ కొసలతో తేలిగ్గా నిమరండి. ఉత్త చేతికి తెలియని గరుకు కవరు లోంచి బాగా తెలుస్తుంది.

గరుకుగా తగిలితే పైన ఏదో పేరుకుందని అర్థం. మన ఊళ్ళలో బోరు నీళ్ళతో కడిగి తుడవకుండా ఎండలో వదిలేస్తే, కెటిల్ అడుగున, కుళాయి మూతి దగ్గర పట్టే సున్నమే కారుకీ పడుతుంది. వెనిగర్, నీళ్ళు సమపాళ్ళలో కలిపి గుడ్డ తడిపి, నీడలో ఒకటి రెండు నిమిషాలు మచ్చ మీద పరచండి. ఆరిపోనివ్వకుండా తీసేసి, మంచినీళ్ళతో బాగా కడిగి తుడవండి. కావాలంటే మరోసారి చెయ్యండి. చింతపండు, ఉప్పద్దిన నిమ్మచెక్క మాత్రం ఇత్తడి సామానుకే ఉంచండి. సున్నం పోయినా దాని ఆకారం మచ్చగా మిగిలితే, పూత కాస్త గుంట పడిందని తెలుసుకోండి. పక్షి రెట్ట ఎండకి మాడి వదిలే మచ్చ కూడా ఇలాంటిదే.

నున్నగానే ఉండి మసగ్గా ఉంటే టార్చి వేసి చూడండి. వెలుగు చుట్టూ సాలెగూడులా సన్నటి గీతలు కనబడితే, అవి పొడిగుడ్డతో దుమ్ము దులిపినప్పుడు పడినవే. దుమ్ములో ఇసుక ఉంటుంది, గుడ్డ దాన్ని ఈడ్చుకుపోతుంది. గీతలేమీ లేకుండా తెల్లటి తెర ఒక్కటే ఉంటే, ఇదివరకు రాసిన పాలిష్ సరిగా తుడవక ఎండిపోయి ఉండొచ్చు. అదే పాలిష్ రవ్వంత కొత్తగా రాసి వెంటనే మెత్తటి గుడ్డతో తుడిచెయ్యండి. పాతది కూడా కరిగి వచ్చేస్తుంది.

సన్నటి గీతలకి అన్నిటికన్నా మెత్తని రకం పాలిష్ తెచ్చుకోండి. ముందు జానెడు చోట మాత్రమే, చేత్తో, మైక్రోఫైబర్ గుడ్డతో రుద్ది చూడండి. బానెట్ అంచులు, మడతల దగ్గర పూత ఇట్టే అరిగిపోతుంది, అక్కడ మాస్కింగ్ టేపు అంటించండి. తొంభై పాళ్ళు పోతే అక్కడితో ఆపెయ్యడం మంచిది. మిగిలిన పది పాళ్ళ కోసం పూత పోగొట్టుకోకూడదు.

కిరసనాయిలు, టూత్‌పేస్టు సంగతి కూడా ఇప్పుడు మీకే అర్థమవుతుంది. కిరసనాయిలు జిడ్డు గీతల్లోకి చేరి, నీళ్ళలాగే మచ్చని తాత్కాలికంగా దాస్తుంది. టూత్‌పేస్టులో అరగదీసే పొడి ఉంటుంది, అది ఎంత ముతకో మనకి తెలియదు.

తడిపినా పోని మసక

వానాకాలంలో తడి కారు మీదే కవరు కప్పి రోజుల తరబడి వదిలేశారా? లోపల చిక్కుకున్న తేమ పూతలోకి దిగి పాలపొరలా కనిపించొచ్చు. కవరు తీసి రెండు మూడు రోజులు మామూలు ఎండలో ఉంచండి. ఒక్కోసారి మచ్చ దానంతట అదే తేలిపోతుంది. పైసా ఖర్చు లేని వైద్యం కదా, ముందు దీన్నే ప్రయత్నించండి.

ఆ భాగానికి ఈమధ్య పెయింటు వేయించి ఉంటే, అది ముసురు పట్టిన రోజేమో గుర్తు చేసుకోండి. పెయింటులోని థిన్నర్ త్వరగా ఆవిరైపోతూ రేకుని చల్లబరుస్తుంది. ఐసు నీళ్ళ గ్లాసు బయట చెమ్మ పట్టినట్టే, గాలిలోని తేమ తడి పూత మీద చేరి తెల్లబారుస్తుంది. ఇది పని చేసిన షెడ్డువాళ్ళ బాధ్యత. బిల్లు తీసుకుని వాళ్ళ దగ్గరికే వెళ్ళండి, మీరు పాలిష్ కొట్టి వాళ్ళకి సాకు ఇవ్వకండి.

ఇక మూడోది, మచ్చ అంచున పూత పొట్టులా లేస్తోందా? ఎండలో ఏళ్ళ తరబడి నిలబెట్టిన కార్లకి పైకప్పు మీద, బానెట్ మీద ఇది వస్తుంది. క్లియర్ కోట్ రంగుని వదిలేసిందన్నమాట. పాలిష్ పడితే ఇంకా ఎక్కువ లేస్తుంది. దీనికి ఆ భాగం అరగదీసి మళ్ళీ వేయించడమే. వెంటనే కుదరకపోతే నీడన పెట్టుకుని, గట్టిగా రుద్దకుండా నెట్టుకురండి.

షెడ్డులో అడగాల్సినవి

"పూత మందం మీటరు పెట్టి చూస్తారా?" అని అడగండి. "ముందు జానెడు చోట చేసి చూపించండి" అనండి. గరుకు కాగితం వాడతామంటే ఎందుకో చెప్పించుకోండి. కాగితం కొట్టాక పాలిష్ సరిగా పట్టకపోయినా మసకే మిగులుతుంది. అందుకే కారుని సాయంత్రం చీకటి పడ్డాక తెచ్చుకోవద్దు, ఎండలోకి తీయించి చూసుకోండి. పాలిష్‌లోని నూనె గీతల్ని కప్పేస్తుంది కాబట్టి, షాంపూతో ఒకసారి కడిగించి అప్పుడు డబ్బివ్వండి. కొత్తగా పెయింటు వేసిన భాగానికి కనీసం నెల రోజులు వ్యాక్సు పాలిష్ రాయకండి, లోపలి థిన్నర్ ఆవిరైపోవాలి.

మళ్ళీ రాకుండా ఉండాలంటే మూడు అలవాట్లు చాలు. బోరు నీళ్ళతో కడిగితే ఆరేలోపే తుడిచెయ్యండి. పక్షి రెట్ట పడితే తడిగుడ్డ వేసి నానబెట్టి తీయండి, గీకకండి. పూర్తిగా ఆరాకే కవరు కప్పండి.

ఈ ఆదివారం ఇంట్లో ఎవరైనా పాలిష్ డబ్బా మూత తీస్తూంటే ఒక్క నిమిషం ఆపమనండి. మగ్గుడు నీళ్ళు తెచ్చి మచ్చ మీద పొయ్యండి. డబ్బా తెరవాలో, కవరు తీసి ఎండలో పెట్టాలో, షెడ్డువాడి బిల్లు వెతకాలో అప్పుడు మీరే చెప్పొచ్చు.