నల్లతెర ముందు మన పిల్లలు

కంప్యూటర్ నేర్పిస్తున్నాం అంటారు. ఏం నేర్పిస్తున్నారు? మౌస్ పట్టుకోవడం, ఉత్తరం టైపు కొట్టడం, గళ్లలో అంకెలు నింపడం. సర్టిఫికెట్ చేతిలో పెట్టి పంపేస్తారు. అది దండగ అనడం లేదు. కానీ చదువు అక్కడితో ఆగితే మన పిల్లలు బతుకంతా డేటా ఎంట్రీ కుర్చీలోనే కూర్చుంటారు. తాము నింపిన అంకెలు ఎక్కడికి పోతున్నాయో, వాటిని ఎవరు మారుస్తారో వాళ్లకి తెలీదు.

అవి పోయేది సర్వర్‌కి. పరీక్ష ఫలితాలైనా, బ్యాంకు ఖాతాలైనా మన తెర మీద కనబడేది బొమ్మ మాత్రమే. అసలు సరుకు ఉండేది దూరాన ఏదో ఏసీ గదిలోని యంత్రంలో. చాలావాటికి తెరా ఉండదు, మౌసూ ఉండదు. నడిపేవాళ్లు వేరే ఊళ్లో కూర్చుని నల్లతెర మీద అక్షరాలు కొట్టి పని చేయిస్తారు. 2017 నవంబరు నుంచి ప్రపంచంలోని మొదటి 500 సూపర్ కంప్యూటర్లూ లినక్స్ మీదే నడుస్తున్నాయి. ఐఐటీ హైదరాబాద్‌లోని పరమ్ సేవతో పని చేయించాలన్నా ఇదే దారి. ఆ దారి పేరు ఎస్‌ఎస్‌హెచ్.

పూర్వం టెల్‌నెట్ ఉండేది. అందులో పాస్‌వర్డ్ పోస్టుకార్డు మీద రాసినట్టే పోయేది. దారిలో ఎవడైనా చదువుకోవచ్చు. 1995లో ఫిన్లాండ్‌లోని హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయం నెట్‌వర్క్‌లో పాస్‌వర్డ్‌ల దొంగతనం జరిగింది. అక్కడి తాతు యిలోనెన్ మొత్తం సంభాషణకి తాళం వేసే ఎస్‌ఎస్‌హెచ్ రాసి, ఉచితంగా పంచాడు. 1999లో వచ్చిన ఓపెన్ ఎస్‌ఎస్‌హెచ్ కూడా ఉచితమే. ఇప్పుడు విండోస్‌లోనూ దొరుకుతుంది.

వాడటం ఎంతసేపు? ఎస్‌ఎస్‌హెచ్ అని కొట్టి, ఖాళీ వదిలి, మన యూజర్ పేరు, ఎట్ గుర్తు, సర్వర్ చిరునామా రాసి ఎంటర్ నొక్కాలి. మొదటిసారి సర్వర్ తన వేలిముద్ర చూపించి, నమ్ముతావా అని అడుగుతుంది. నిజంగానే దాన్ని వేలిముద్ర అనే అంటారు! ఆ సర్వర్ చూసుకునే మనిషి ఇచ్చిన ముద్రతో పోల్చుకున్నాకే యెస్ కొట్టాలి. చదవకుండా కాగితం మీద వేలిముద్ర వేసి పొలాలు పోగొట్టుకున్న తాతలున్నారు మనకి. చదవకుండా యెస్ కొట్టే మనవలు వద్దు.

తర్వాత పాస్‌వర్డ్. కొడుతుంటే తెర మీద ఏమీ కనబడదు, చుక్క కూడా. కీబోర్డు చెడిపోయిందని కొత్తవాళ్లు లేచిపోతారు. చెడిపోలేదు, అది అంతే. కొట్టి ఎంటర్ నొక్కమని చెప్పేవాడు పక్కన ఒకడుంటే చాలు.

లోపలికి పోయాక పీడబ్ల్యూడీ కొట్టండి. రోడ్లేసే శాఖ కాదు, మనం ఏ ఫోల్డర్‌లో ఉన్నామో చెప్పే మాట. ఎల్‌ఎస్ అంటే అందులో ఏమున్నాయో చూపిస్తుంది. సీడీతో వేరే ఫోల్డర్‌లోకి పోతాం. సీపీతో నకలు తీస్తాం, ఆర్‌ఎమ్‌తో తీసేస్తాం. ఆర్‌ఎమ్ దగ్గర జాగ్రత్త. చెత్తబుట్ట లేదు, పోయింది పోయినట్టే. పని అయ్యాక ఎగ్జిట్.

ఎల్‌ఎస్ పక్కన ఒక అడ్డగీత, ఎల్ చేర్చి చూడండి. ప్రతి ఫైలు ముందూ మూడేసి అక్షరాల మూడు గుంపులు కనబడతాయి. చదవడానికి ఆర్, రాయడానికి డబ్ల్యూ, నడపడానికి ఎక్స్. మొదటి మూడూ యజమానికి, తర్వాతి మూడూ అతని గుంపుకి, చివరి మూడూ 'ఇతరులకి'. హక్కు లేనిచోట గీత. ఇతరులు అనే వరస మనకి కొత్తా? కాకపోతే ఇక్కడ ఎవరికి ఏ హక్కుందో దాపరికం లేకుండా రాసుంటుంది. యజమాని గానీ, అందరి మీదా ఉండే రూట్ గానీ సీహెచ్‌మోడ్‌తో దాన్ని మార్చొచ్చు. ఈ తొమ్మిది అక్షరాలు చదవడం వచ్చిన పిల్ల, ఏ ఆఫీసులోనైనా "ఈ రికార్డు ఎవరు మార్చగలరు?" అని అడగగలదు. కంప్యూటర్ చదువంటే నా లెక్కలో అది.

"ఇంగ్లీషు రాదు గదా, మీవాళ్లకి ఇవెందుకు" అనేవాళ్లున్నారు. ఎల్‌ఎస్ ఏ ఇంగ్లీషు? సీడీ ఏ ఇంగ్లీషు? కాన్వెంటు పిల్లాడైనా వీటిని కొత్తగా నేర్చుకోవాల్సిందే. ఈ ఒక్క చోట ఇద్దరి గీతా ఒకటే. వెనకబడేది భాష వల్ల కాదు, చెప్పేవాళ్లు లేక. తెలుగులో చెప్పండి, రాకపోతే అప్పుడు మాట్లాడండి.

"మిషన్లేవి?" అంటారు. మూలన పడేసిన పాత కంప్యూటర్లు రెండు చాలు. లినక్స్ ఉచితం. ఒకదాన్ని సర్వర్ చేసి, రెండోదాన్నుంచి లాగిన్ కావచ్చు. రెండింటి మధ్యా ఒక తీగ ఉంటే సరి, ఒకసారి సిద్ధం చేసుకున్నాక ఇంటర్నెట్ కూడా అక్కర్లేదు. ఆండ్రాయిడ్ ఫోన్ ఉన్న పిల్లలు టెర్మక్స్ అనే ఉచిత యాప్‌తో అదే పని చేయొచ్చు.

కాబట్టి మిత్రులారా, ఇంజనీరింగ్ చదువుతున్న మన పిల్లల్ని అడుగుదాం. సెలవులకి ఊరొచ్చినప్పుడు హాస్టల్‌కి పోయి నలుగురికి నేర్పమందాం. నేర్చుకున్న నలుగురూ మరో నలుగురికి నేర్పాలి. వారానికి రెండు సాయంత్రాలు, ఓ నెల. పాత మిషన్ల కోసం హెడ్మాస్టర్ని, వార్డెన్‌ని మనమే పోయి అడుగుదాం. ఇవ్వకపోతే ఎందుకివ్వరో రాసిమ్మందాం.