నదీతీరానికి ఏడాది పొడవునా వెళ్లండి, పడవ మాత్రం కాలమెరిగి ఎక్కండి

నార్వే ఫియర్డుల చిత్రాలు మీరు చూసే ఉంటారు. హిమానీనదాలు తొలిచిన లోయలలోకి సముద్రజలం చొచ్చుకొని రాగా ఏర్పడినవి అవి. ఆ దేశస్థులు చలికాలంలో సైతం అక్కడ ఆరుబయట సంచరిస్తారు. మనకు హిమానీనదాలు లేవు గాని, అటువంటి దృశ్యాలకు కొదవ లేదు. తూర్పు కనుమల నడుమ గోదావరి పారే పాపికొండలు, నల్లమలను కోసుకొని కృష్ణ వచ్చే శ్రీశైలం, సాగర్ లోయ మనవే. వినుకొండ వారికి మాచర్ల దాటితే సాగర్ వచ్చినట్లే.

ఆరోగ్యం కోరేవారు ఈ తీరాలకు అన్ని ఋతువులలోనూ వెళ్లాలన్నది నా అభిప్రాయం. అయితే వరద కాలంలో పడవ ఎక్కడాన్ని నేను సమర్థించను.

నవంబరు నుండి ఫిబ్రవరి వరకు ప్రశస్తమైన కాలం. లాంచీలో నాగార్జునకొండకు వెళ్లి మ్యూజియం చూడవచ్చు. అనుపులో బౌద్ధ శిథిలాల నడుమ నడవవచ్చు. ఆస్తమా, గుండెజబ్బు ఉన్నవారు ఎండ వచ్చిన తరువాతే నడక ప్రారంభించాలి. వేసవిలో పల్నాటి ఎండ ప్రాణాంతకం. ఉదయం తొమ్మిది గంటలలోపే తిరుగుడు ముగించండి. రక్తపోటుకు మూత్రం ఎక్కువగా పోయే మాత్రలు వాడేవారికి వడదెబ్బ ముప్పు అధికం. ప్రయాణానికి ముందే వైద్యుని సలహా తీసుకోండి. వానాకాలంలో ఎత్తిపోతల అందాన్ని ఎగువనుండే చూడండి. నాచు పట్టిన రాళ్లపైకి దిగవద్దు.

2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం వద్ద కృష్ణలో పడవ మునిగి 20 మందికి పైగా మరణించారు. వారిలో అనేకులు మన పొరుగున ఉన్న ఒంగోలు నడక సంఘం సభ్యులు, అంటే ఆరోగ్యస్పృహ కలిగినవారే. 2019 సెప్టెంబరు 15న గోదావరి వరదలో ఉండగా కచ్చులూరు వద్ద మరో పడవ మునిగింది. 40 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. ఈత వచ్చినవారిని సైతం సుడి లాగివేస్తుంది. కనుక లైఫ్ జాకెట్ ఇవ్వని పడవ ఎక్కకండి. ఉక్కపోస్తున్నదనో, ఫొటోకు అడ్డమనో దానిని మధ్యలో విప్పకండి. పిల్లలకు వారి కొలతకు తగినదే అడగండి.

నీటిలో మునిగినవారిని తలక్రిందులుగా పట్టుకొని తిప్పడం, పొట్ట నొక్కి నీరు కక్కించడం నేటికీ జరుగుతున్నది. ఇది హానికరం. ఊపిరి ఆగిన నాలుగైదు నిమిషాలకే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. వెల్లకిలా పడుకోబెట్టి, ముందు నోటిద్వారా శ్వాస అందించాలి. ఆపై ఛాతీ మధ్య 30 మార్లు నొక్కి, రెండు శ్వాసలు ఇస్తూ కొనసాగించాలి. ఒకరు ఇది చేస్తుండగా మరొకరు 108కి ఫోన్ చేయాలి.

పాపికొండలు మలేరియా ఉన్న మన్యసీమ. అక్కడ రాత్రి బస చేస్తే దోమతెర తప్పనిసరి. తిరిగివచ్చిన కొద్ది వారాలలో చలిజ్వరం వస్తే ఆలస్యం చేయక రక్తపరీక్ష చేయించుకోండి. ఎక్కడికి వెళ్లివచ్చారో వైద్యునికి చెప్పండి.

ఏడాదికొక విహారంతో దేహదారుఢ్యం రాదు. పెద్దలు వారానికి కనీసం 150 నిమిషాలు వడిగా నడవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తున్నది. మన ఊరి రామలింగేశ్వరస్వామి కొండ అందుకు చాలు. మోకాళ్లు సహకరించనివారు కొండ ఎక్కక దిగువ చదునుబాటలోనే నడవండి. ఆ అలవాటు ఉన్నవారికే సాగర్ ప్రయాణం ఆయాసం లేని ఆనందమవుతుంది.