చంటిబిడ్డకు మొదటి బొమ్మ



మా క్రిందివాటాలోని చిన్నది పురిటికై బోడుప్పలులోని పుట్టింటికి వచ్చియున్నది. గతమాసమున ఇరువదియొకటవ దినమున బిడ్డను తొట్టెలలో వేసిరి. ఉప్పలునుండియు, నాచారమునుండియు వచ్చిన చుట్టములు గిలకలు, తిరుగుడు బొమ్మలు, పాటలు పాడు యంత్రము తెచ్చియిచ్చిరి. సందడి తగ్గిన పిమ్మట ఆ చిన్నది మమ్ము చాటునకు పిలిచి, "అక్కా, వీడు ఏ బొమ్మదిక్కు చూడడు. వీనితోని ఎట్ల ఆడాలె?" అని కన్నీరు పెట్టుకొనెను. ప్రక్కనున్న అమ్మమ్మగారు "ఇరవై దినాల పిల్లగానికి ఆటేందే? మూడు నెలలు రానియ్యి" అనిరి. ఆ యిరువురికి చెప్పినదానినే ఈ నెల మీకును చెప్పుచున్నాము.

పసికందునకు చూపు కలదు. దూరపుచూపు మాత్రము లేదు. 8 మొదలు 12 అంగుళముల దూరమునందున్నదే వానికి చక్కగా కనబడును. చన్నుగుడుచు బిడ్డ కన్నులకును తల్లి మొగమునకును నడుమనుండు దూరమదియే. పైకప్పున వ్రేలాడు బొమ్మ వానికి మసక. లేతరంగులకంటె నలుపుతెలుపుల వంటి గాఢమైన భేదమునే వాడు ముందుగా గుర్తించును. తల్లి నుదుటిపై నల్లని జుట్టు అంచు, కన్నులు, బొట్టు – ఇంతకంటె మంచి బొమ్మ యే యంగడిలో దొరకును?

వినికిడియు గర్భమందే ఆరంభమగును. 1980లో డికాస్పర్, ఫైఫర్ అను అమెరికా శాస్త్రజ్ఞులు, పుట్టి మూడు దినములైనను నిండని శిశువులు పరస్త్రీ గొంతుకంటె తల్లి గొంతునే కోరి వినుచున్నారని పరీక్షించి చూపిరి.

కావున ఆట యిట్లుండవలెను. బిడ్డ పాలు త్రాగి, మేలుకొని నెమ్మదిగానున్నవేళ మీ మొగమును వానికి జానెడు దూరమున నుంచుడు. ఒక మాట పలుకుడు, పలికి ఆగుడు. ఆ యాగుటయే ముఖ్యము. వాడు నోరు మెదపును, కాలు తన్నును, కొన్ని వారములకు "ఊ" అనును. అది వాని బదులు. దానినే మీరు మరల పలుకుడు. ఈ పలుకును బదులును మాటిమాటికి కలియుటచేతనే మెదడులోని కణముల నడుమ సంబంధములు గట్టిపడును. మొగము త్రిప్పుకొనినను, ఆవులించినను అలసినాడని యెరిగి విడువుడు. మేలుకొనియున్నపుడు రెండు మూడు నిమిషములు మీ రొమ్ముపై బోర్ల పరుండబెట్టుకొనుడు. మెడకు బలము వచ్చును. నిద్రకు మాత్రము ఎల్లప్పుడును వెల్లకిలనే. మెడ నిలువని బిడ్డను ఎగురవేయరాదు, కుదుపరాదు. ఏడాది నిండువరకు తెరబొమ్మలు వలదని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2019లో చెప్పినది. 2024లో కేంద్రప్రభుత్వము "నవచేతన" యను పేర పుట్టుకనుండి మూడేండ్లవరకు ఆడింపదగిన ఆటలను వెలువరించినది.

ఆట వేడుక మాత్రమే కాదు, పరీక్ష కూడ. ఈ మాట మేము కష్టపడి నేర్చుకొంటిమి. మా రెండవబిడ్డ గిన్నె క్రిందపడినను ఉలికిపడెడిది కాదు. "ఎంత నెమ్మదియైన పిల్ల!" యని మురిసితిమి. ఇంటిపనిలో మునిగి, దానిని తొట్టెలలో వేసి ఊపుటయే గాని, ఎదుట కూర్చుండి మాటాడి, బదులుకొరకు చూచినవారము కాము. వినికిడి లోపమని తెలియునప్పటికి పదునెనిమిది నెలలు గడచినవి. భాగవత దశమస్కంధమున, కృష్ణుడు బోర్లగిలిన వేడుకనాడు యశోద చుట్టముల మర్యాదలలోపడి, బండిక్రింద పరుండిన బిడ్డ యేడ్పు వినలేదు. ఆ ఘట్టము చదివినపుడెల్ల మాకు మా తొట్టెలయే జ్ఞాపకమునకు వచ్చును. చెవికి యంత్రము ధరించి మా యమ్మాయి యిపుడు తొమ్మిదవయేట చక్కగా చదువుకొనుచున్నది. ఆ పోయిన నెలల మాటలు మాత్రము తిరిగి రాలేదు.

నెలలోపల వినికిడి పరీక్ష, సందేహమున్న మూడవనెలలోపల నిర్ణయము, ఆరవనెలలోపల సహాయము – ఇది వైద్యులు చెప్పు క్రమము. మన ప్రాంతమువారికి సికింద్రాబాదు మనోవికాసనగరమున అలీ యావర్ జంగ్ సంస్థ శాఖ కలదు. లోపమున్న బిడ్డకును మీ మొగము కనబడును గదా, ఆట మానవలదు.

మరునాటి ఉదయము క్రిందికి దిగి చూచితిమి. ఆట వలదన్న అమ్మమ్మగారే కాళ్లు చాచి, బిడ్డను వానిపై పరుండబెట్టి నీళ్లు పోయుచు, "ఇది చెయ్యి, ఇది బొజ్జ, ఏంది నాయనా, చెప్పు" అనుచుండిరి. బిడ్డ ఆమె బొట్టుకేసి చూచి నోరు గుండ్రముగా తెరచెను. చిన్నది మావంక చూచి నవ్వెను. మేము మారుమాటాడక పైకి వచ్చితిమి.