మాంసం మీద మీగడ: విందుకు ముందు ఒక మాట



ఇంట ఒక శుభదినం వచ్చినప్పుడు అయినవారికి మంచి వంటకం చేసి పెట్టాలనుకోవడం తప్పు కాదు. పూర్వం ఆ రోజున బూరెలు, పులిహోర ఉండేవి. మాంసాహారుల ఇళ్ళలో వేటమాంసం కూర ఉండేది. నేడు జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ ప్రాంతాలలోని కొన్ని ఇళ్ళలో ఆ స్థానంలోకి 'స్టేక్' అనే వంటకం వచ్చి కూర్చున్నది. ఎముక లేని మందపాటి మాంసపు ముక్కను పెనం మీద వెన్నతో కాల్చి, దాని మీద మీగడ, చీజ్ కరిగించిన చిక్కని సాస్ పోసి వడ్డిస్తారు. ఆ వంటకం గురించి, ఆ సందర్భంలో నేను చేసిన ఒక పొరపాటు గురించి ఈసారి మీతో ముచ్చటించదలచాను.

ఫిల్మ్‌నగర్ కొండవాలులో నా చిరకాల మిత్రులొకరు ఉన్నారు. చిత్ర పరిశ్రమ మద్రాసు నుండి హైదరాబాదుకు తరలివస్తున్న రోజులలో కుటుంబంతో వచ్చి, ముప్పై ఏళ్ళకు పైగా ఎడిటింగ్ గదులలో పనిచేసి, ఇప్పుడు విశ్రాంతి తీసుకుంటున్నారు. వయస్సు 68. రాత్రి పది గంటలకు భోజనం, ఒంటిగంటకు నిద్ర. ఇవి ఆ వృత్తి ఆయనకు మిగిల్చిన అలవాట్లు. మధుమేహం, రక్తపోటు ఉన్నాయి. వాటికి డాక్టరు గారిచ్చిన మాత్రలు వాడుతున్నారు. రాత్రిపూట పెందలాడే, తేలికగా భుజించమని నేను ఏళ్ళ తరబడి చెబుతూనే ఉన్నాను.

గడచిన చలికాలంలో ఆ దంపతుల నలభయ్యవ పెళ్ళిరోజు వచ్చింది. కోడలు విజయవాడ పిల్ల, ఉద్యోగస్థురాలు. ఆ రోజు వంటమనిషికి సెలవిచ్చి తానే స్వయంగా వండాలని, వారం రోజులు సెల్‌ఫోనులో వీడియోలు చూసి నేర్చుకున్నది. గొర్రెపోతు తొడ మాంసం, మీగడ, చీజ్, వెన్న తెప్పించింది. శాకాహారినైన నా కోసం వేరే పొయ్యి మీద పుల్కాలు, పొట్లకాయ కూర చేసి, "బాబాయి గారూ, మీ గిన్నెలు విడిగా కడిగి పెట్టానండీ" అని చెప్పింది. అంత మర్యాద తెలిసిన పిల్ల.

వడ్డన మొదలయ్యేసరికి రాత్రి పావు తక్కువ పది. కోడలు సాస్ గిన్నెతో మామగారి పళ్ళెం దగ్గరకు వచ్చినప్పుడు ఆయన ఒక్కసారి నా వైపు చూశారు. 'తినవచ్చునా?' అని ఆ చూపులో ప్రశ్న ఉన్నది. నేను చిరునవ్వు నవ్వి నా పుల్కా తుంచుకున్నాను. శుభమా అని పిలిస్తే వద్దనడం బాగుండదనుకున్నాను. ఆమె రెండు గరిటెలు పోసింది. మొదటి ముక్క అయిన తరువాత ఆయన మారు వడ్డించుకున్నారు కూడా.

రాత్రి రెండు గంటలకు ఆయన కుమారుడు ఫోను చేశాడు. "నాన్నగారికి ఛాతీలో మంటగా, బరువుగా ఉన్నదట. చెమటలు పడుతున్నాయి. అరగలేదేమో, వాము నూరి ఇమ్మంటారా?" అని అడిగాడు. "వాము వద్దు నాయనా, క్షణం ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకువెళ్ళు" అన్నాను. గుండె రక్తనాళంలో అడ్డంకి ఉన్నదని తేలింది. స్టెంట్ వేశారు. నాలుగవ రోజున ఇంటికి వచ్చారు. దైవానుగ్రహం.

రక్తనాళంలో కొవ్వు ఒక్క రాత్రిలో పేరుకుపోదు. ఆ ఒక్క విందే కారణమని నేననను. ఆ మాటే కోడలితో కూడా చెప్పాను. అయినా తన చేతి వంట తిన్న రాత్రే మామగారికి అట్లా అయినదన్న బాధతో ఆమె కొన్నాళ్ళు వంటింటివైపే వెళ్ళలేదు. నిజానికి ఆ బాధలో సగం నాకు చెందాలి. వంట చేసిన పిల్లకు శాస్త్రం తెలియదు. తెలిసిన నేను, అడిగినప్పుడు నోరు విప్పలేదు.

శాస్త్రం ఏమంటున్నది?

ఆయుర్వేదం మాంసానికి శత్రువని చాలామంది అనుకుంటారు. అది సరికాదు. శరీరాన్ని పుష్టిపరిచే వాటిలో మాంసమే శ్రేష్ఠమని చరకుడు చెప్పాడు. మేక మాంసం మరీ శీతలం, మరీ గురువు కాదని, గొర్రె మాంసం గురువని, అనగా అరగడానికి బరువని కూడా వేరుచేసి చూపాడు. ఏ జంతువు మాంసం తినాలి, అసలు తినాలా వద్దా అన్నది ఆ ఇంటి ఆచారం. వైద్యుడు చూడవలసింది జఠరాగ్నిని.

చీజ్ కూడా మనకు పూర్తిగా కొత్త పదార్థం కాదు. పాలను విరిచి గట్టిపరచిన 'కిలాటం' మన గ్రంథాలలో ఉన్నది. అది గురువని, బలకరమని, అగ్ని బాగా ప్రజ్వలించేవారికి, నిద్ర పట్టనివారికి సుఖమిస్తుందని చరకుని మాట. ఎవరికి హితమో ఆ మాటలోనే ఉన్నది. అది ఎడిటింగ్ గదిలో కూర్చుని ముప్పై ఏళ్ళు గడిపిన 68 ఏళ్ళ మనిషికి చెప్పినది కాదు.

ఇక ఈ రెండింటి కలయిక. చరక సంహిత సూత్రస్థానం 26వ అధ్యాయంలో విరుద్ధాహార విచారం ఉన్నది. పాలతో చేపలు తినరాదన్నది అందరూ ఎరిగినదే. గ్రామాలలో పెంచే జంతువుల మాంసాన్ని కూడా పాలు, తేనె, నువ్వులు, బెల్లం, మినుములు, ముల్లంగి మొదలైన వాటితో కలిపి భుజించరాదని అక్కడే ఉన్నది. సరిగా ఉడకనిది, మాడినది పాకవిరుద్ధమన్నాడు. స్టేక్ విషయంలో పైన మాడి, లోపల పచ్చిగా ఉండటమే రుచి అని కొందరు చెబుతారు. వృద్ధులకు అది ఏ విధంగానూ తగదు.

అయితే అదే అధ్యాయంలో చరకుడు మినహాయింపులు కూడా చెప్పాడు. వ్యాయామం చేసేవారికి, యౌవనంలో ఉన్నవారికి, బలవంతులకు, అగ్ని దీప్తంగా ఉన్నవారికి, అలవాటు పడినవారికి, కొద్దిగా తిన్నవారికి విరుద్ధాహారం అంతగా హాని చేయదు. కాబట్టి ఒక్కసారి తిన్న కుర్రవాణ్ణి విషం తిన్నట్టు భయపెట్టడం వైద్యం కాదు. నేటి పోషకాహార శాస్త్రం కూడా మాంసం, పాలు కలిస్తేనే విషమని అంగీకరించదు. ఆ వాదం అట్లా ఉంచుదాం. రెండు శాస్త్రాలూ ఏకీభవించే విషయం ఒకటి ఉన్నది. అది బరువు, వేళ.

ఒక చిన్న లెక్క

నలుగురికి సాస్ చేయడానికి 200 మిల్లీలీటర్ల మీగడ, 100 గ్రాముల చీజ్, 25 గ్రాముల వెన్న వేశారనుకోండి. డబ్బా మీగడలో నూటికి సుమారు 25 పాళ్ళు, చీజ్‌లో సుమారు 33 పాళ్ళు, వెన్నలో సుమారు 80 పాళ్ళు కొవ్వు ఉంటుంది. అంతా కలిపితే వంద గ్రాములు దాటుతుంది. ఒక్కొక్కరి వాటా సుమారు 25 గ్రాములు. మాంసంలోని కొవ్వు దీనికి అదనం. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2000 కేలరీల భోజన ప్రణాళికలో రోజు మొత్తానికి నూనెలు, కొవ్వుల కింద సుమారు 27 గ్రాములే సూచించింది. అనగా రెండు గరిటెల సాస్‌తో ఒక దినపు వాటా చెల్లిపోతుంది. చీజ్‌లోని ఉప్పు రక్తపోటు ఉన్నవారికి మరొక భారం. ఇదంతా రాత్రి పది గంటలకు తిని పడుకుంటే ఆ అగ్ని ఏం చేయగలదు?

"మరి బిరియానీలో పెరుగు లేదా?" అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. పెరుగును వేడి చేయరాదని కూడా మన శాస్త్రంలో ఉన్నది. అయినా హైదరాబాదు వారికి అది తరతరాల సాత్మ్యం. అందులో అల్లం, మిరియాలు, లవంగం, షాజీరా వంటి దీపన ద్రవ్యాలు తోడుంటాయి. స్టేక్ సాస్‌లో మీగడ బరువును మోయడానికి చిటికెడు మిరియాల పొడి మాత్రమే ఉంటుంది. అంతమాత్రాన బిరియానీని రాత్రి పదకొండు గంటలకు తినమని నేననడం లేదు.

ఈ కొండల రాయి మీదనే

విశేషమైన మాంసపు వంటకమే కావాలంటే హైదరాబాదు వారు పరాయి దేశం వెళ్ళనక్కరలేదు. 'పత్థర్ కా గోష్త్' మన ఊరిదే. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ వేటకు వెళ్ళినప్పుడు పుట్టిన వంటకమని చెప్పుకుంటారు. మాంసాన్ని పలుచని ముక్కలుగా కోసి, దంచి, అల్లం, వెల్లుల్లి, మిరియాలు, పచ్చి బొప్పాయి ముద్ద పట్టించి, నిప్పుల మీద బాగా కాగిన నల్లరాతిపై కాలుస్తారు. బొప్పాయి మాంసాన్ని మెత్తపరుస్తుంది. మీగడ అవసరం లేదు. జూబ్లీహిల్స్ కొండలలోని గ్రానైటు వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. వంటకు వాడే రాయి కూడా ఆ జాతిదే. అయితే దారిపక్క రాయి తెచ్చి పొయ్యి మీద పెట్టకండి. తేమ ఉన్న రాయి వేడికి చిట్లి పైకి ఎగురుతుంది. వంట కోసం అమ్మే రాతినే వాడండి.

సాస్ కావాలనుకునేవారు దానిమ్మ రసంలో శొంఠి, మిరియాల పొడి, కొద్దిగా నెయ్యి వేసి చిక్కబరచి పోసుకోవచ్చు. మాంసరసానికి దానిమ్మ పులుపు చేర్చడం మన ప్రాచీన వైద్యుల పద్ధతే. మధుమేహం ఉన్నవారు రెండు చెంచాలకు మించరాదు.

విందు చేసే గృహిణులకు, గృహస్థులకు నా మనవి ఇది:

1. బరువైన వంటకం మధ్యాహ్నం పెట్టండి. రాత్రే తప్పదంటే ఏడున్నరకు ముగించండి.

2. గురుపదార్థాన్ని సగం కడుపు వరకే తినాలన్నది శాస్త్రం. మారు వడ్డనకు బలవంతం చేయకండి.

3. భోజనానికి ముందు చిన్న అల్లం ముక్క, చిటికెడు సైంధవ లవణంతో నమలడం మంచిది. రక్తపోటు ఉన్నవారు ఉప్పు మానాలి. కడుపులో మంట ఉన్నవారు అల్లమే మానాలి.

4. తిన్న వెంటనే ఐస్‌క్రీము, చల్లని పానీయాలు వద్దు. గోరువెచ్చని నీరు కొద్దిగా త్రాగి, వంద అడుగులు మెల్లగా నడవండి.

5. మరునాడు ఆకలి వేసేవరకు ఆగి, పెసరకట్టులో శొంఠి, జీలకర్ర వేసుకుని త్రాగండి. మధుమేహానికి మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు మాత్రం భోజనం మానరాదు.

6. ఛాతీలో బరువు, చెమటలు, ఆయాసం, ఎడమ చేతికి గాని దవడకు గాని పాకే నొప్పి కనిపిస్తే వాము, సోడా, శొంఠి అంటూ కాలయాపన చేయకండి. వెంటనే 108కు ఫోను చేయండి. మధుమేహం ఉన్నవారిలో ఈ లక్షణాలు స్వల్పంగానే కనబడవచ్చు. గృహవైద్యం గొప్పదే గాని, దాని హద్దు తెలిసినవారి చేతిలోనే గొప్పది.

నియమం అంటే విందు లేని జీవితమని భయపడకండి. అన్నపూర్ణ స్టూడియో నిర్మించిన అక్కినేని నాగేశ్వరరావు గారికి 1974లో అమెరికాలో గుండె శస్త్రచికిత్స జరిగింది. ఆ తరువాత నలభై ఏళ్ళు, 2014 వరకు, జీవించి నటిస్తూనే ఉన్నారు. శస్త్రచికిత్స ప్రాణం నిలిపింది. మితమైన ఆహారం, నడక తోడైనాయి. ఈ కొండల మీద నివసించేవారికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ నేను చూపలేను.

కృష్ణాతీరంలోని పల్లెలో మా గురువుగారి ఇంట పన్నెండేళ్ళు చదువుకున్నాను. రోగి గడపలో అడుగు పెట్టగానే ఆయన "ఆకలి ఎట్లున్నది?" అని అడిగేవారు. నాడి ఆ తరువాతనే పట్టేవారు. ఊళ్ళో ఎవరింట పెళ్ళి జరిగినా, వంటలు మొదలుకాక ముందే పందిట్లోకి వెళ్ళి, ఫలానా ముసలాయనకు ఇది పెట్టకండి, ఫలానా బాలింతకు అది పెట్టకండి అని చెప్పి వచ్చేవారు. అప్పట్లో అది మాకు మొగమాటం లేని మొరటుతనంగా తోచేది. ఆ రాత్రి ఫోను పెట్టేసిన తరువాత నాకు ఆయనే గుర్తుకు వచ్చారు.

నెలన్నర తరువాత, గుండె డాక్టరు గారి అనుమతితో, ఆ ఇంట ఒక ఆదివారం మధ్యాహ్నం మళ్ళీ భోజనాలు పెట్టించాను. కోడలిని నేనే వంటింట్లోకి పిలుచుకువెళ్ళాను. పిల్లలకు రాతి మీద కాల్చిన మాంసం. మామగారికి కొవ్వు తీసి, ఉప్పు తగ్గించిన మేక మాంసరసం ఒక చిన్న గిన్నెడు, అందులో దానిమ్మ పులుపు. ఆయన గిన్నె ఖాళీ చేసి, మరికొంత పోయమని కోడలి వైపు చూశారు. ఆమె నా వైపు చూసింది. ఈసారి నేను పుల్కా తుంచుకోలేదు. "చాలు, ఇక పోయవద్దమ్మా" అన్నాను. ఆయన నవ్వి గిన్నె పక్కన పెట్టారు. ఎవరి మనస్సూ నొచ్చుకోలేదు.