బాణీ తట్టాలంటే...

"బాణీ తట్టడం లేదు" అని మగవాడంటే ఇల్లంతా మునివేళ్ళ మీద నడుస్తుంది. పిల్లలు అరవకూడదు, కుక్కరు ఈల వెయ్యకూడదు. పాపం, కళాకారుడి వేదన! అదే మాట ఇల్లాలంటే? "తట్టకపోతే మానెయ్, ఎవరడిగారు?" అంటారు.

రష్యాలో రహ్మానినోవ్ మొదటి సింఫనీ 1897లో ఘోరంగా దెబ్బతింది. ఆ దిగులుతో దాదాపు మూడేళ్ళు ఆయన కలం సరిగ్గా సాగలేదు. 1900లో అయినవాళ్ళు దాల్ అనే డాక్టరు దగ్గరికి పంపారు. కోలుకుని రాసిన రెండో పియానో కన్సర్టోని ఆ డాక్టరుకే అంకితమిచ్చాడు. సంతోషం!

మరి జర్మనీలో క్లారా షూమన్? ఆడది స్వరరచనకి ఆశపడకూడదని ఇరవయ్యేళ్ళకే డైరీలో రాసుకుంది. ఎవరు నేర్పారో ఆ పాఠం! ఎనిమిదిమంది పిల్లల్ని కన్నది. భర్త రచనకి కూర్చుంటే ఆవిడ పియానో మూసెయ్యాల్సిందే. 1856లో ఆయన పోయాక కచేరీలు చేసి సంసారం ఈదింది. స్వరరచన మాత్రం దాదాపు మానేసింది. దాన్ని జబ్బని ఎవరనుకున్నారు?

నా వీణ పద్దెనిమిదేళ్ళు అటకమీదే ఉంది. కిందటేడు దింపాను. రోజూ సాయంత్రం అరగంట గది తలుపు గడియ వేసుకున్నాను. "కాఫీ ఏదీ?" అన్న కేకలకి పలకలేదు. వారం రోజులు ఒక్క వరసా కుదర్లేదు. పదోరోజున మోహనలో ఓ పల్లవి కుదిరింది. గొప్పదేం కాదు, కాని నాది.

మూడ్ కోసం కాచుక్కూర్చోకండమ్మా. బాణీ తట్టాలంటే ముందు మనకంటూ ఓ తలుపుండాలి!